గ్రావెల్ సైకిలుకు ఏ ట్యూబు? తిరుపతి, చిత్తూరు మట్టిదారుల లెక్క

మట్టి, కంకర దారుల కోసం వెడల్పు టైర్లతో వచ్చే గ్రావెల్ సైకిలుకు ట్యూబు కొనేటప్పుడు చాలామంది ముందు బరువు చూస్తారు. ఎన్ని గ్రాములు తగ్గింది, ఎంత తేలిగ్గా దొర్లుతుంది అని. మన దారులకు ఆ వరస పనికిరాదు. చంద్రగిరి దాటి కల్యాణి డ్యాం వైపు మట్టిబాటల్లోగానీ, రాయలచెరువు చుట్టుపక్కలగానీ, చిత్తూరు మామిడితోటల నడుమగానీ తొక్కేవాళ్ళ ట్యూబుకు శత్రువులు మూడే: పల్లేరుకాయ, కంప ముల్లు, కంకర అంచు. ఏ ట్యూబు వీటిని ఎంతవరకు తట్టుకుంటుంది? తట్టుకోలేనప్పుడు ఎండలో బాట పక్కన కూర్చుని దాన్ని ఎంత సులువుగా బాగుచేసుకోగలం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే గ్రాముల మాట.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. చక్రంలో సరైన కొలత ఉన్న మామూలు బ్యూటైల్ (నల్ల రబ్బరు) ట్యూబు, ముళ్ళ కాలంలో దాని లోపల కాస్త సీలెంట్ (చిన్న చిల్లులను లోపలి నుంచి మూసే ద్రవం), సంచిలో స్పేరుగా ఒక టీపీయూ (సాగే ప్లాస్టిక్కు ట్యూబు). మన జిల్లాల్లో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు మట్టిదారి పట్టేవాళ్ళు ట్యూబ్‌లెస్‌కు, అంటే ట్యూబు లేకుండా టైరులోనే సీలెంట్‌తో గాలి నిలిపే పద్ధతికి, మారడం మంచిది. లేటెక్స్ (సహజ రబ్బరు) ట్యూబు ఎంత మెత్తగా నడిచినా ఇక్కడికి వద్దు. కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం. అయితే రబ్బరు సంగతి కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: వాల్వు, కొలత. ఈ రెండూ తప్పితే ఎంత ఖరీదైన ట్యూబు కొన్నా దండగే.

ముందు రిమ్ము రంధ్రం చూడండి

మన దగ్గర మూడు రకాల వాల్వులు కనిపిస్తాయి. సన్నగా, పొడుగ్గా, కొసన చిన్న ఇత్తడి మర ఉండేది ప్రెస్టా. మోటారు బైకుకూ కారుకూ ఉండే లావు వాల్వు ష్రాడర్. పాత అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ళకు ఉండే, లోపల చిన్న రబ్బరు గొట్టం తొడిగే వాల్వు మూడోది. దాన్ని డన్‌లప్ వాల్వు అనీ వుడ్స్ వాల్వు అనీ అంటారు.

ప్రెస్టాకు రిమ్ములో రంధ్రం 6.5 మిల్లీమీటర్లు, ష్రాడర్‌కు 8.5 మిల్లీమీటర్లు. వుడ్స్ వాల్వు కూడా ష్రాడర్ రంధ్రంలో పడుతుంది. ప్రెస్టా రంధ్రంలో మాత్రం ష్రాడర్ గానీ వుడ్స్ గానీ దూరవు. డ్రిల్లుతో పెద్దది చేయించుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సన్న రిమ్ముల్లో ఆ చోటు బలహీనపడుతుంది, గరుకు అంచు మిగిలితే వాల్వు మొదలును కోసేస్తుంది. దీనికి తిరగేసి, ష్రాడర్ రంధ్రంలో ప్రెస్టా ట్యూబు వేయాల్సి వస్తే రంధ్రం సన్నం చేసే చిన్న రబ్బరు లేదా లోహపు రింగు తప్పకుండా వేయాలి. అది లేకుంటే వాల్వు చుట్టూ ఉన్న ఖాళీలోకి ట్యూబు ఉబ్బి, కొన్నాళ్ళకు సరిగ్గా వాల్వు మొదట్లోనే చిట్లుతుంది. అక్కడ చిట్లిన ట్యూబుకు అతుకు నిలవదు.

ఖరీదైన గ్రావెల్ సైకిళ్ళలో దాదాపు అన్నీ ప్రెస్టాతో వస్తాయి. తక్కువ ధర హైబ్రిడ్, గ్రావెల్ సైకిళ్ళలో ష్రాడర్ తరచుగా ఉంటుంది. ష్రాడర్ ఉందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. దారిలో ఏ ఊరి పంక్చర్ షాపులోనైనా, ఏ పెట్రోలు బంకులోనైనా నేరుగా గాలి పట్టించుకోవచ్చు. ప్రెస్టావాళ్ళు ఇత్తడి అడాప్టరు ఒకటి సంచిలో శాశ్వతంగా పెట్టుకోవాలి. గోటి అంత ఉంటుంది, పంపు విరిగిన రోజున అదే ఇంటికి చేరుస్తుంది. బంకు కంప్రెసరుతో సైకిలు ట్యూబుకు గాలి పట్టేటప్పుడు ఒక్కో విడతకు సెకను, రెండు సెకన్లు మాత్రమే నొక్కి, ఆపి, చేత్తో నొక్కి చూసుకోండి. మన ట్యూబులో పట్టే గాలి రెండున్నర లీటర్లకు కాస్త అటూ ఇటూ. లారీ టైర్లకు గాలి పట్టే యంత్రం దాన్ని క్షణాల్లో హద్దు దాటిస్తుంది.

వాల్వు పొడవు లెక్క సులువు. రిమ్ము లోతుకు ఓ 15 నుంచి 20 మిల్లీమీటర్లు కలపండి. 20–25 మిల్లీమీటర్ల లోతున్న అల్యూమినియం రిమ్ముకు 40 లేదా 48 మిల్లీమీటర్ల వాల్వు, లోతైన కార్బన్ రిమ్ముకు 60. మరీ పొడుగుది కొంటే పంపు బరువుకు అటూ ఇటూ ఊగి మొదట్లో బీటలిస్తుంది. ఇంకోటి, వాల్వు కోర్ (గాలిని ఆపే లోపలి ముక్క) ఊడదీయడానికి వీలుండే రకమే కొనండి. ప్రెస్టా వాల్వు పైభాగంలో రెండు వైపులా చదునైన నొక్కులు ఉంటే కోర్ ఊడుతుందని గుర్తు. సీలెంట్ పోయాలంటే ఇది కావాల్సిందే.

కొలత: డబ్బా మీద రెండు అంకెలు

టైరు పక్కగోడ మీద 40-622 లాంటి అంకెలు అచ్చయి ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 700సి, 28 అంగుళాలు, 29 అంగుళాలు అని రకరకాలుగా పిలిచే ఆధునిక చక్రాలన్నీ 622. 650బి, 27.5 అంగుళాలు అంటే 584. పేర్లు గందరగోళం చేస్తాయి, ఈ అంకెలు చేయవు. షాపులో ఈ అంకెలే చెప్పి అడగండి.

ట్యూబు డబ్బా మీద వెడల్పు ఒక హద్దుగా రాసి ఉంటుంది, 35–45 అనో 32–47 అనో. మీ టైరు వెడల్పు ఆ హద్దు మధ్యలో పడాలి. 40 టైరులో 25–32 ట్యూబు వేస్తే గాలి నిలుస్తుంది కానీ రబ్బరు బాగా సాగి పలచబడుతుంది. పలచబడిన రబ్బరుకు చిన్న ముల్లు చాలు. గాలి కూడా త్వరగా దిగుతుంది, అతుకుల అంచులు లేస్తాయి. పెద్ద ట్యూబును చిన్న టైరులో కుక్కితే మడతలు పడి, మడత చోట రాపిడికి అరిగి, ఏ ముల్లూ గుచ్చుకోకుండానే గాలి పోతుంది. ఈ రెండింటిలో ఎక్కువమంది చేసేది మొదటి తప్పు. రోడ్డు సైకిలు ట్యూబు ఇంట్లో ఉంది కదా అని దాన్నే వాడేస్తారు. ఇంటికి చేరడానికి సరే, రోజూ వాడటానికి కాదు.

650బి 47 టైరు వాడేవాళ్ళకు 27.5 అంగుళాల మౌంటెన్ సైకిలు ట్యూబు చాలాచోట్ల దొరుకుతుంది. 1.75 అంగుళాల నుంచి మొదలయ్యే హద్దు ఉన్నది తీసుకోండి. 1.95 నుంచి మొదలయ్యేది కాస్త పెద్దవుతుంది.

పల్లెటూళ్ళలో పనికొచ్చే సంగతి ఇంకోటి. పాత 28×1½ సైకిలు టైరు కొలత 40-635. వ్యాసంలో మన 622కు తేడా 13 మిల్లీమీటర్లే, ట్యూబు ఆ మాత్రం సర్దుకుంటుంది. కాబట్టి మీ రిమ్ము రంధ్రం 8.5 అయితే, ఆ సైకిళ్ళకు సామాన్లు అమ్మే ఏ ఊరి షాపులో ట్యూబైనా మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది. ప్రెస్టా రంధ్రం ఉన్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు, వాళ్ళు రెండు స్పేర్లు పెట్టుకోవాలి.

నాలుగు రకాలు, వాటి అసలు గుణాలు

బ్యూటైల్ అనేది నల్ల ట్యూబు, అందరికీ తెలిసిందే. 1930లలో కనిపెట్టిన కృత్రిమ రబ్బరు ఇది. సహజ రబ్బరు కంటే గాలిని చాలా బాగా పట్టి ఉంచుతుంది కాబట్టే ట్యూబులన్నీ దీనికి మారాయి. 700×35–45 కొలతలో మామూలు బ్యూటైల్ 150 నుంచి 200 గ్రాములు. తేలిక రకాలు 110–130 గ్రాములు ఉంటాయి, అవి గోడ పలచన చేసి తగ్గించిన గ్రాములు. మన ముళ్ళకు ఆ పలచని గోడే నష్టం. తక్కువ బరువే కావాలనుకుంటే తేలిక బ్యూటైల్ దగ్గర ఆగకుండా నేరుగా టీపీయూకు వెళ్ళండి. మధ్యలో ఉన్న ఈ రకం అటు బలానికీ కాదు, ఇటు బరువుకూ కాదు. బ్యూటైల్‌లో గొప్పతనం అతుకు. గరుకు కాగితం, సొల్యూషన్, అతుకు ముక్క ఉంటే ఎవరైనా ఎక్కడైనా వేయగలరు. బాగా వేసిన అతుకు ట్యూబు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఒక ట్యూబుకు ఆరేడు అతుకులున్నా భయం లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుంటే చాలు.

ముల్లు తట్టుకునే మందం ట్యూబులు కూడా బ్యూటైలే. టైరు వైపు గోడ నాలుగైదు మిల్లీమీటర్ల మందం, బరువు 350 గ్రాములు దాటుతుంది. పల్లేరు ముల్లును చాలావరకు ఆపుతాయి. కానీ రెండు చక్రాలకు కలిపి అదనంగా మూడు నాలుగు వందల గ్రాములు, అదీ తిరిగే చోట. ఎక్కుడులో బండి బద్ధకంగా ఉంటుంది, టైరు మెత్తదనం పోతుంది. రోజూ పొలానికో బడికో మట్టిదారిలో వెళ్ళే సైకిలుకు ఇది చాలా మంచి ఎంపిక. సరదా రైడ్లకు మామూలు బ్యూటైల్‌లో సీలెంట్ పోయడం ఇంతకంటే మేలు.

టీపీయూ అంటే ఒక రకం సాగే ప్లాస్టిక్కు. ఆరెంజ్ రంగు టుబోలిటో, పిరెల్లి పసుపు ట్యూబు, ష్వాల్బే ఏరోథాన్, చవకలో రైడ్‌నౌ లాంటివి ఈ జాతి. గ్రావెల్ కొలతలో 40 నుంచి 80 గ్రాములు, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. గాలిని బ్యూటైల్ అంత బాగానే పట్టి ఉంచుతుంది, దొర్లడంలో బ్యూటైల్ కంటే కాస్త తేలిక. ధర మామూలు బ్యూటైల్‌కు ఎన్నో రెట్లు. అయినా ఒకటి కొనాల్సిందేనని మేమంటాం. స్పేరుగా దీన్ని మించింది లేదు.

చక్రంలో వేసుకోవడానికి మాత్రం ఇక్కడ మేము సిఫారసు చేయం. ఒకే మందంలో పోలిస్తే టీపీయూ బ్యూటైల్ కంటే గట్టిదే. కానీ టీపీయూ ట్యూబు గోడ చాలా సన్నం, ఐదారు మిల్లీమీటర్ల పల్లేరు ముల్లు ముందు ఆ గట్టిదనం నిలవదు. రెండో సంగతి అతుకు. రబ్బరు సొల్యూషన్ దీనికి అంటదు, దీని అతుకులు వేరు. చోటును స్పిరిట్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, అతుకు అంటించి గట్టిగా అదిమి కొన్ని నిమిషాలు ఆగాలి. చెమట చేతులు, ఎర్రమట్టి దుమ్ము మధ్య ఈ పని సగంసార్లు చెడుతుంది. ఇంట్లో బల్ల మీద అయితే బాగా కుదురుతుంది. మూడోది, గాలి నింపి ఒకసారి సాగితే ఇది పూర్తిగా వెనక్కి ముడుచుకోదు. టైరు బయట పెట్టి ఎక్కువ గాలి నింపితే అక్కడికక్కడే పాడవుతుంది. 45 టైరులో వాడినదాన్ని 35 టైరులోకి మార్చకండి, మడతలు పడతాయి.

టీపీయూతో ఇంకో కొత్త చిక్కు వచ్చిపడింది. అరచేతిలో ఇమిడే బ్యాటరీ పంపులు గాలి కొడుతూ బాగా వేడెక్కుతాయి. వాటి మూతిని నేరుగా ప్లాస్టిక్కు వాల్వుకు తగిలిస్తే వాల్వు మెత్తబడి గాలి కారడం మొదలవుతుంది. పొట్టి రబ్బరు గొట్టం మధ్యలో పెట్టి కొట్టండి, లేదా లోహపు వాల్వు ఉన్న టీపీయూ కొనండి. పంక్చర్ షాపులో అతుకును వేడితో అంటించే బిగింపు యంత్రం ఉంటుంది, టీపీయూను దాని దగ్గరికి పోనివ్వకండి. కరిగిపోతుంది. రిమ్ బ్రేకు సైకిళ్ళలో పొడవైన దిగుడుల్లో రిమ్ము బాగా వేడెక్కుతుంది కాబట్టి అక్కడ కూడా టీపీయూ, లేటెక్స్ రెండూ ప్రమాదమే. డిస్కు బ్రేకు ఉన్న గ్రావెల్ సైకిలుకు ఆ భయం లేదు.

లేటెక్స్ సహజ రబ్బరు. చాలా మెత్తన, చాలా సాగుడు. రాయి మీద నొక్కుకున్నా సాగి తప్పించుకుంటుంది కాబట్టి నొక్కుడు పంక్చర్లు తక్కువ, దొర్లడంలోనూ ముందుంటుంది. ఇవి నిజమైన గుణాలే. కానీ రాత్రి నింపిన గాలి తెల్లారేసరికి గణనీయంగా దిగిపోతుంది, ప్రతి రైడుకూ ముందు పంపు పట్టాలి. ఎండకూ నూనెకూ త్వరగా చెడుతుంది. రిమ్ము లోపల స్పోకు రంధ్రాలను కప్పే రిమ్ము టేపు ఎక్కడ కాస్త జరిగినా రంధ్రంలోకి ఉబ్బి పగులుతుంది. మన వైపు షాపుల్లో దొరకదు కూడా. నున్నటి రోడ్డు మీద పోటీలకు సరే, పల్లేరు చేలకు కాదు.

పల్లేరు, కంప, కంకర

పల్లేరు నేలబారుగా పాకే మొక్క, చిన్న పసుపు పూలు. వానలు పడ్డాక చెరువు కట్టల మీద, గట్ల మీద, తారురోడ్డు అంచున మట్టిలో చాప పరిచినట్టు అల్లుకుంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తర్వాత ఎండ ముదిరేకొద్దీ కాయ గట్టిపడి ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్ళు, రెండు చిన్నవి. ఎలా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తుంది. అందుకే జనవరి నుంచి ఎండాకాలం దాకా ఈ బాధ ఎక్కువ. గ్రావెల్ టైరు నడుమ మందం చాలావాటిలో మూడు నాలుగు మిల్లీమీటర్లే, ముల్లు దాన్ని దాటి కొస ట్యూబుకు తగులుతుంది. రంధ్రం సూదిమొన అంత. గాలి వెంటనే పోదు, ఇంటికొచ్చి పెట్టాక తెల్లారి చూస్తే చక్రం చప్పబడి ఉంటుంది.

సరిగ్గా ఇలాంటి సూదిమొన రంధ్రాలకే ట్యూబులో సీలెంట్ పనిచేస్తుంది. వాల్వు కోర్ ఊడదీసి, 40 టైరు ట్యూబుకు 60 మిల్లీలీటర్ల దాకా పోసి, కోర్ బిగించి, చక్రాన్ని తిప్పుతూ అటూ ఇటూ వంచాలి. ట్యూబు లోపల ఉంది కాబట్టి ట్యూబ్‌లెస్‌లో కంటే నెమ్మదిగా ఆరుతుంది, కానీ మన ఎండలకు ఆరకుండా ఉండదు. మూడు నాలుగు నెలలకోసారి కోర్ తీసి చూసి మళ్ళీ పోయండి. గాలి కొట్టేటప్పుడు వాల్వును కింది వైపు ఉంచకండి, పైన ఉండాలి. లేకుంటే సీలెంట్ కోర్‌లోకి చేరి గట్టిపడి, వాల్వు మూసుకుపోతుంది. సీలెంట్ ఉన్న ట్యూబులో ముల్లు కనిపిస్తే పీకేసి, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగండి. సీలెంట్ లేని ట్యూబులో అయితే గాలి నిలిచినంతవరకు ముల్లును అలాగే వదిలేయండి, అదే బిరడాలా పనిచేస్తుంది. ఇల్లు చేరాక తీయొచ్చు.

కంప సంగతి వేరు. సర్కారు తుమ్మ, నల్లతుమ్మ ముళ్ళు అంగుళం నుంచి రెండు మూడు అంగుళాలు ఉంటాయి. చేలకు కంచె వేయడానికి నరికిన కొమ్మలు, మేకలకు రొట్ట కొట్టినప్పుడు రాలిన రెమ్మలు బాట అంచునే పడి ఉంటాయి. ఈ ముల్లును ఏ ట్యూబూ ఆపదు, మందం ట్యూబు కూడా. కొన్నిసార్లు ఒక గోడ దాటి రెండో గోడలోనూ దిగుతుంది, అప్పుడు సీలెంట్ కూడా చేతులెత్తేస్తుంది. మందు ఒక్కటే: బండ్ల చక్రాలు నలిగిన గాడిలో నడపడం, కంచె పక్కన అంచుకు పోకపోవడం. శేషాచలం రక్షిత అడవుల్లోని బాటలకు అనుమతి లేకుండా వెళ్ళడం ఎలాగూ తప్పు, అక్కడ నడుస్తూ సైకిలు మోసుకురావాల్సి వస్తే మరీ ప్రమాదం.

చిత్తూరు వైపు గ్రానైట్ క్వారీల లారీలు తిరిగే దారుల్లో కొత్తగా విరిగిన రాయి అంచు కత్తిలా ఉంటుంది. అది రెండు విధాల దెబ్బ తీస్తుంది. వేగంగా కొట్టినప్పుడు ట్యూబును రిమ్ముకేసి నొక్కి పక్కపక్కనే రెండు గాట్లు పెడుతుంది, పాము కాటులా. లేదా టైరు పక్కగోడనే చీలుస్తుంది. మొదటిదానికి మందు గాలి ఒత్తిడి. రెండోదానికి టైరు లోపల వేసే గట్టి ముక్క, పాత టైరు నుంచి కోసిన రెండంగుళాల పట్టీ అయినా చాలు.

గాలి ఎంత

70–75 కిలోల మనిషికి 40 టైరులో ట్యూబుతో ముందు 35, వెనక 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. టైరు, రిమ్ము మీద రాసిన హద్దు దాటకూడదు. నున్నటి మట్టి ఉంటే ఒకటి రెండు తగ్గించవచ్చు. కంకర దారి అయితే మూడు పెంచండి. పాము కాటు ఒక్కసారి వచ్చినా వెనక చక్రానికి మూడు నాలుగు కలపండి. ట్యూబ్‌లెస్‌వాళ్ళు చెప్పే 25–28 ట్యూబుతో ప్రయత్నించకండి, వాళ్ళకు నొక్కుకుని చిల్లుపడటానికి ట్యూబే లేదు. బరువు, దొర్లుడు గురించిన చర్చల్లో ఉన్న తేడా కంటే ఈ ఐదారు పీఎస్ఐ తేడాయే చేతులకూ నడుముకూ ఎక్కువ తెలుస్తుంది. రెండు వందల రూపాయల గేజీ మీద పెట్టే ఖర్చు ఏ ట్యూబు మీద పెట్టే ఖర్చుకన్నా విలువైనది.

ఎండలో పెట్టిన సైకిలు టైరు పేలుతుందని భయపడేవాళ్ళకు లెక్క ఇది: 25 డిగ్రీల్లో 40 పీఎస్ఐ నింపిన ట్యూబు 45 డిగ్రీలకు చేరితే సుమారు 44 అవుతుంది, అంతే. పేలదు. వేడికి దెబ్బతినేది అతుకు. సొల్యూషన్ లేకుండా స్టిక్కరులా అంటించే అతుకులు మే నెల ఎండకు అంచులు లేచి గాలి వదిలేస్తాయి. అవి ఇంటికి చేరడానికే. మూత తీసిన సొల్యూషన్ గొట్టం కూడా వేడికి లోపలే ఎండిపోతుంది. రైడుకు ముందు నొక్కి చూడండి, లేదా మూత తీయని చిన్న గొట్టం పెట్టుకోండి.

బాట పక్కన

ట్యూబు మార్చడంలో ఎక్కువమంది తప్పు చేసేది తీసేటప్పుడు కాదు, కొత్తది వేసే ముందు. టైరు లోపల గుడ్డ ముక్కతో చుట్టూ తుడవండి, ముల్లు కొస ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. వేలితో తడిమితే గుచ్చుకుంటుంది, పైగా చిన్న కొసలు వేలికి తెలియవు. పల్లేరు ముక్క బయట ఊడిపోయినా కొస లోపలే విరిగి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అరగంటలో మళ్ళీ ఆగాలి. ట్యూబ్‌లెస్ టైరు మొరాయించి అందులో ట్యూబు వేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీలెంట్ మూసేసిన పాత ముళ్ళు ఆ టైరులో పది ఇరవై ఉండొచ్చు, ఒక్కొక్కటీ ట్యూబు కోసం కాచుకుని ఉంటుంది. అన్నీ పట్టకారుతో పీకాకే ట్యూబు.

పాత ట్యూబులో రంధ్రం ఎటువైపు ఉందో కూడా చూడండి. టైరు వైపు ఉంటే ముల్లు. రిమ్ము వైపు ఉంటే రిమ్ము టేపు జరిగింది, టేపు సర్దకుండా ముందుకు పోకండి. పక్కపక్కన రెండుంటే గాలి తక్కువ. వాల్వు మొదట్లో ఉంటే రంధ్రం కొలత తప్పు, లేదా వాల్వు నట్టు పట్టకారుతో బిగించారు. ఆ నట్టును వేళ్ళతో బిగిస్తే చాలు.

వేసేటప్పుడు ట్యూబుకు గుండ్రం వచ్చేంత గాలి ఊది, వాల్వు రంధ్రంలో పెట్టి, వాల్వుకు ఎదురు వైపు నుంచి టైరు ఎక్కించుకుంటూ వాల్వు దగ్గర ముగించండి. చివర బిగువుగా ఉంటే లివరు (టైరు ఎత్తే చిన్న మీట) పెట్టకండి. మిగతా చుట్టూ టైరు అంచును రిమ్ము నడుమ గాడిలోకి నొక్కితే ఇక్కడ వదులవుతుంది. ట్యూబ్‌లెస్ రిమ్ముల్లో ఈ కిటుకు తెలియకే లివరుతో ట్యూబు నొక్కి కొత్త చిల్లు పెట్టుకుంటారు. తర్వాత వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలండి, 15 పీఎస్ఐ దాకా కొట్టి రెండు వైపులా టైరు గీత సమంగా ఉందో చూడండి, అప్పుడు పూర్తి గాలి. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళిక 40 టైరుకు 35 పీఎస్ఐ దాకా ఇస్తుంది. కానీ ఆ వాయువు బ్యూటైల్ గుండా మామూలు గాలి కంటే త్వరగా బయటికి పోతుంది, మర్నాటికి మెత్తబడితే పంక్చర్ అనుకోకండి. ఇంటికొచ్చాక దాన్ని వదిలేసి పంపుతో నింపండి. మన దూరాలకు ఒక మంచి చేతిపంపే నయం, అది అయిపోదు.

ట్యూబ్‌లెస్‌కు ఎప్పుడు మారాలి? సీజన్లో పల్లేరు పంక్చర్లు నెలకు మూడు దాటితే, మీ రిమ్మూ టైరూ రెండూ అందుకు తయారైనవైతే మారండి. నెలకు రెండుసార్లు మాత్రమే తొక్కేవాళ్ళు మారకండి. కదలని చక్రంలో సీలెంట్ ఒకచోట చేరి ఎండిపోతుంది, అవసరమైన రోజున ఉండదు. ఇక మారినా మారకున్నా స్పేరు ట్యూబు మానకూడదు.

ఆ స్పేరు ఎలా ఉంటుందన్నదీ ముఖ్యమే. పనిముట్ల పక్కన ఊరికే పడేసిన ట్యూబు కుదుపులకు రాపిడి పడి, వాడాల్సిన రోజుకు చిల్లుతో బయటికి వస్తుంది. ప్రెస్టా కొసకు మూత పెట్టి, వాల్వు చుట్టూ ట్యూబు చుట్టి, పాత సాక్సులో వేసి ముడి వేయండి. బ్యూటైల్ అయితే కాస్త టాల్కం పౌడరు చల్లండి, ఒకదానికొకటి అంటుకోదు. కొత్త ట్యూబు కొన్న రోజునే గుండ్రం వచ్చేంత గాలి ఊది, బకెట్ నీళ్ళలో వాల్వు మొదలు ముంచి చూసి, రాత్రంతా వదిలేసి, తెల్లారి ఇంకా గుండ్రంగా ఉంటేనే గాలి తీసి సంచిలో పెట్టండి. డబ్బాలోంచే కారే ట్యూబులు ఉంటాయి. అది షాపుకు తిరిగిచ్చే సమయంలోనే తెలియాలి, తలకోన దారిలో కాదు.